గాలి సోకని స్నానాల గది

కోహ్కా, భిలాయి
20 అక్టోబరు 2024

చిరంజీవి యుగంధర్‌గారికి ఆశీస్సులు.

నీలిమ క్షేమంగా చేరింది. రైలు బడలిక రెండు రోజుల్లో తీరిపోయింది. మీ పెళ్ళయి ఏడాదిన్నర అయినా మీకూ నాకూ మధ్య ఇదే మొదటి ఉత్తరం. మీ క్యాంపులో ఫోను అందదట, ఆదివారం కొండ దిగి బజారుకు వస్తే తప్ప మాట్లాడలేరట. ఆ కాసేపూ మీరిద్దరూ మాట్లాడుకోండి. నాతో ఉత్తరాలు చాలు. ఫోనులో అనుకున్న మాటను మర్నాటికి ఎవరికి అనుకూలంగా వాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. కాగితం మీద రాసింది రాసినట్టే ఉంటుంది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో లెక్కలు చెప్పిన మనిషిని, నా అలవాటు ఇది.

మీ అత్తగారు మణిమాల పొద్దున్నే కుమ్హారి ఊళ్ళో బడి ఉద్యోగానికి వెళ్ళి సాయంత్రానికి గాని రాదు. అందుచేత మనవరాలి పురుడు ఏర్పాట్లన్నీ నావి. డిసెంబరు మధ్యలో అని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి చలి మీ కొండల చలి కాకపోయినా పచ్చి బాలింతకు ఎక్కువే. పాత కరెంటు గీజరు ఒక బకెట్టు ఇచ్చి అలసిపోతుంది. అందుకని పెద్ద స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టించాను. సిలిండరు బయట, గీజరు లోపల, కుళాయికి సరిగ్గా పైన. తిప్పగానే పొగలు కక్కే నీళ్ళు.

మా వీధిలో జోగమ్మ అని టెక్కలి వైపు ఆవిడ ఉంది. కోహ్కాలో తెలుగువాళ్ళ ఇళ్ళలో పుట్టిన ప్రతి బిడ్డకూ తొలి నీళ్ళు ఆవిడే పోస్తుంది. నీలిమకూ ఆవిడే పోసింది. వచ్చి గది చూసి, వెంటిలేటరులోంచి గాలి వస్తే తల్లికి వాతం, బిడ్డకు పడిసెం అని తేల్చింది. ఆ మాట నాకూ నచ్చింది. వెంటిలేటరుకు మందపాటి అట్ట అంటించి, అంచులకు టేపు వేశాను. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ కొట్టించాను. తలుపు మూసి వత్తి వెలిగించి చూస్తే జ్వాల అటూ ఇటూ కదల్లేదు.

నీలిమ అప్పుడే అందులో తీరిగ్గా స్నానం చేస్తోంది. తరవాత కాసేపు తలనొప్పి అంటుంది. నెలలు నిండుతున్నప్పుడు అది మామూలే. మీరు నిశ్చింతగా పని చూసుకోండి.

జ్ఞానప్రసూన


సొరంగం క్యాంపు, కులు జిల్లా
30 అక్టోబరు 2024

అమ్మమ్మగారికి నమస్కారాలతో యుగంధర్.

మీ ఉత్తరంలో ఒక్క కొట్టివేత లేదు. అది చూసి భయపడి నేను దీనికి ముందు చిత్తు రాసుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

నీలిమ కోసం మీరు పడుతున్న శ్రమకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. ఇక్కడ మేం రైలు సొరంగం తవ్వుతున్నాం. కొండకు అటువైపు నుంచి ఇంకో జట్టు తవ్వుకుంటూ వస్తోంది. డిసెంబరులో కొండ మధ్యలో కలుసుకోవాలి. లోపల యంత్రాలు వదిలే చెడ్డ గాలిని బయటికి తీసి, మంచి గాలిని లోపలికి పంపే పని నాది. అందువల్ల ఎక్కడికెళ్ళినా గాలి గురించి ఆలోచించడం అలవాటైపోయింది. పెళ్ళివారి విడిదిలో కూడా మొదట కిటికీలు లెక్కపెట్టానని నీలిమ ఇప్పటికీ వెక్కిరిస్తుంది.

ఆ అలవాటు కొద్దీ చిన్న సందేహం. గీజరు వదిలే గాలి ఎటు పోతుంది? అది వెలుగుతున్నంతసేపూ వెంటిలేటరు తెరిచి ఉంచడం వీలవుతుందేమో చూడగలరా? అలాగే నీలిమ స్నానం చేసేటప్పుడు లోపల గడియ పెట్టుకోకపోతే మంచిదేమో. మీ ఏర్పాట్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు.

విధేయుడు,
యుగంధర్


కోహ్కా, భిలాయి
8 నవంబరు 2024

యుగంధర్‌గారికి,

మీ ఉత్తరం అందింది. అడిగిన వరసలోనే జవాబులు రాస్తున్నాను.

గీజరు ఏ గాలీ వదలదు. బిగించిన రోజునే గొట్టం అతుకుల మీద సబ్బు నురగ రాయించి చూశాను. ఒక్క బుడగ లేవలేదు. గ్యాసు కారితే కుళ్ళిన వాసన వస్తుందని నాకు తెలుసు. మా స్నానాల గదిలో కుంకుడుకాయ వాసన తప్ప మరొకటి లేదు.

వెంటిలేటరు ఎందుకు మూశానో మొదటి ఉత్తరంలో రాశాను. మళ్ళీ రాయను.

ఇక గడియ సంగతి. ఆడవాళ్ళ స్నానాల గది గడియ గురించి మగవాళ్ళు ఉత్తరాలు రాసే ఆచారం మా ఇంట్లో లేదు. మీ ఇంట్లో ఉందేమో నాకు తెలియదు.

మరో విషయం అడగాలి. ఆదివారం నుంచి నీలిమ గీజరు ముట్టడం లేదు. వంటింట్లో గిన్నెతో నీళ్ళు కాచుకుని, నిండు నెలల్లో పట్టుకుపోబోతే నేను లాక్కుని మోశాను. కారణం అడిగితే "ఊరికే అమ్మమ్మా" అంటుంది. ఊరికే ఏ పనీ చేయని పిల్ల అది. ఆదివారం ఫోనులో మాట్లాడింది మీతోనే కదా. విజయనగరంలో మీ అమ్మగారు లక్ష్మీకుమారిగారి దగ్గర పురుడు పోయించాలన్న ఆలోచన ఉంటే వంక గీజరు మీద పెట్టనక్కరలేదు. సూటిగా రాయండి, టికెట్టు నేనే తీసి పంపిస్తాను.

గీజరుకు ఏ లోపమూ లేదనడానికి రుజువు, రోజూ నేను ఆ గదిలోనే స్నానం చేస్తున్నాను.

జ్ఞానప్రసూన


సొరంగం క్యాంపు
15 నవంబరు 2024

అమ్మమ్మగారికి,

ఈసారి చిత్తు రాసుకోలేదు. స్పీడుపోస్టులో వేయడానికి మా డ్రైవరు బయట జీపు దగ్గర ఎదురు చూస్తున్నాడు.

దయచేసి ఆ గదిలో మీరు స్నానం చేయకండి. నీలిమను ఆపింది నేనే. మీకు చెప్పడానికి తనకు భయం వేసి నా మీద పెట్టింది. నాకూ భయం వేసి గాలి, సందేహం అంటూ నసిగాను. తప్పు నాది. మా అమ్మకు ఈ గొడవేదీ తెలియదు. పురుడు మీ చేతుల మీదుగానే జరగాలని నీలిమ పెళ్ళికి ముందే నాతో ఒప్పందం చేసుకుంది.

నేను అడిగింది సిలిండరులోంచి కారే గ్యాసు గురించి కాదు. మండిపోయాక మిగిలే గాలి గురించి. గీజరు మంట గదిలో గాలిని వాడుకుంటుంది. కొత్త గాలి వచ్చే దారి, కాలిన గాలి పోయే దారి రెండూ మూసేస్తే మంట సరిగా మండదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, కంటికి కనపడదు. ముందు తలనొప్పి, తరవాత మత్తు. కాళ్ళు పట్టు తప్పుతాయి. ఎవరినైనా పిలవాలన్న ఆలోచన కూడా రాదు. లోపల గడియ పెట్టి ఉంటే బయటివాళ్ళకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. గడియ గురించి రాసింది అందుకు.

నీలిమకు తలనొప్పి వచ్చిన రోజులన్నీ ఆ గదిలో స్నానం చేసిన రోజులే. మానేశాక ఒక్కసారీ రాలేదు. రేపు కడుపులో బిడ్డ బయటికి వచ్చాక తనకు తలనొప్పి అని చెప్పలేదు కదా అమ్మమ్మగారూ.

మీరు నన్ను ఎంత కోప్పడినా సరే, ముందు ఆ అట్ట తీసేయండి.

యుగంధర్


కోహ్కా, భిలాయి
21 నవంబరు 2024

యుగంధర్‌కు,

నీ ఉత్తరం పద్దెనిమిదిన వచ్చింది. తప్పులు వెతుకుదామని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాను.

నీలిమ తాతగారు బలరాంగారిని నువ్వు చూడలేదు. ఉద్యోగమంతా ఇక్కడి ఉక్కు ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గరే చేశారు. ఆ కొలిమి గ్యాసులో ఉండేది నువ్వు రాసిన ఈ విషమే. రంగు లేదు, వాసన లేదు, మనిషిని జోకొట్టి పడుకోబెడుతుంది అనేవారు. ఈ ఊళ్ళో మా తరం ఆడవాళ్ళందరం భర్తలు డ్యూటీ నుంచి వచ్చేదాకా దాన్ని తలుచుకునే కూర్చున్నాం. ప్లాంటు గోడ అవతల ఉన్నదానికి జీవితమంతా భయపడి, ఇప్పుడు దాన్ని నేనే పుట్టించే యంత్రం తెచ్చి, స్నానాల గదిలో బిగించి, అది బయటికి పోకుండా చుట్టూ టేపు వేశాను. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు అని మొదటి ఉత్తరంలోనే రాయకూడదా నువ్వు? వీలవుతుందేమో, మంచిదేమో అంటే నాకేం అర్థమవుతుంది?

ఉత్తరం చేత్తో పట్టుకునే స్టూలెక్కి అట్ట పీకేశాను. రబ్బరు పట్టీ కూడా ఊడదీశాను. నా తల ఈమధ్య బరువుగా ఉంటే వయసు అనుకున్నాను. రెండు రోజులుగా తేలిగ్గా ఉంది. వయసు మాత్రం తగ్గలేదు.

చప్పుడుకి జోగమ్మ వచ్చింది. కింద పడ్డ అట్ట చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. పుట్టబోయే బిడ్డను ఆవిడ అప్పుడే గుంట, అంటే ఆడపిల్ల, అంటోంది.

"ఏటమ్మా ఇది, పురిటి గుంటకి ఎదురుగాలి ఎట్టేస్తావేటి? గాలి సోకితే ఏటవుద్దో నీకు తెల్దు."

"గాలి లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు జోగమ్మా" అన్నాను.

తరవాత కూర్చోబెట్టి నీ ఉత్తరం చదివి వినిపించాను. ఆవిడ భర్తదీ అదే ప్లాంటు. బిడ్డ తలనొప్పి అని చెప్పలేదు అన్నచోట చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయితే రాజీ పడలేదు. గీజరు పోవాలిగాని గాలి రాకూడదంది. ఆలోచిస్తే అందులో న్యాయం ఉంది. మంట గదిలోనే లేకపోతే గదిని మూసుకున్నా విషం పుట్టదు.

గీజరు బిగించిన ఉమేష్‌ను పిలిచి, దాన్ని పెరటి గోడకు బయటివైపు మార్పించాను. వేడినీళ్ళ గొట్టం ఒక్కటే లోపలికి వస్తుంది. గోడ, గీజరు, వెంటిలేటరు కొలతలతో పటం గీసి పంపుతున్నాను. చూసి సరే అను.

అమ్మమ్మ


సొరంగం క్యాంపు
28 నవంబరు 2024

అమ్మమ్మగారికి,

మీరు నన్ను 'నువ్వు' అని రాశారని ఆదివారం నీలిమకు చెప్పాను. నమ్మలేదు. ఫోనులో చదివించుకుని, మళ్ళీ చదవమంది. తనకు ఆ పిలుపు పుట్టుకతో వచ్చింది కాబట్టి దాని విలువ తెలియదు.

మీ పటం మా క్యాంపులో గోడకెక్కింది. మా పెద్దింజినీరు చూసి, ఈవిడ ఉద్యోగానికి వస్తారా అని అడిగారు. అంత చక్కటి పటం మీద ఎర్ర సిరాతో గీత పెట్టబుద్ధి కాలేదు. కానీ పెట్టాను.

గీజరు బయటికి వచ్చింది, సంతోషం. అయితే వెంటిలేటరుకు సరిగ్గా కింద ఉంది. కాలిన గాలి వేడిగా ఉంటుంది కనుక పైకి లేస్తుంది. లేచి ఆ వెంటిలేటరులోంచే మళ్ళీ గదిలోకి వస్తుంది. గీజరును గోడ రెండో చివరకు, ఏ కిటికీకీ దగ్గర కాకుండా జరిపించండి. దాని నెత్తిన పొగగొట్టం పెట్టించండి. అది పైకి ఎక్కుతూనే పోవాలి, ఎక్కడా కిందికి వంగకూడదు, వంపులు ఎంత తక్కువైతే అంత మంచిది. చూరు దాటి డాబా పైన తేలాలి. వానకు మూత, పావురాలు గూడు పెట్టకుండా మూతి చుట్టూ జాలీ. పక్కింటివాళ్ళ కిటికీ కూడా చూసుకోండి. మంట ఎప్పుడూ నీలంగా ఉండాలి. పసుపుపచ్చగా మారితే ఆపేసి, శుభ్రం చేయించాకే వాడాలి.

ఇక్కడ రెండు జట్ల మధ్య కొండ కొంచెమే మిగిలింది. అది తొలిచేదాకా సెలవు లేదంటున్నారు. బిడ్డను ఎప్పుడు చూస్తానో తెలియదు. కనీసం ఆ గది గురించి భయం లేకుండా ఉండాలి.

యుగంధర్


కోహ్కా, భిలాయి
5 డిసెంబరు 2024

యుగంధర్‌కు,

నా పటం మీద ఎర్ర గీత పెట్టిన మొదటి మనిషివి నువ్వు. గీత న్యాయమైనదే.

ఉమేష్‌తో మాత్రం యుద్ధం అయింది. గీజరు వెంటిలేటరు కింద పెడితే గొట్టం ఖర్చు కలిసొస్తుందని వాడి వాదం.

"అమ్మాజీ, పూరే కోహ్కా మే ఐసా హీ లగా హై" అన్నాడు. కోహ్కా అంతా ఇలాగే బిగించి ఉందట.

అయితే కోహ్కా మొత్తం తిరగబిగించాలి అన్నాను. నవ్వాడు గాని కదల్లేదు. మాటలతో లాభం లేదని పరీక్ష పెట్టాను. బిడ్డకు ధూపం వేయడానికి జోగమ్మ తెచ్చిపెట్టిన సాంబ్రాణి ఉంది. నిప్పుల మీద దండిగా వేసి, పెరట్లో గీజరు పక్కన ఎత్తుపీట మీద పెట్టాను. ఉమేష్‌ను స్నానాల గదిలో నిలబెట్టి తలుపు మూశాను. కాసేపటికి లోపలి నుంచి దగ్గు వినపడింది. గదంతా గుడిలా ఘుమఘుమలాడుతోంది. వాడు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి రెంచి తీశాడు.

ఇప్పుడు గీజరు గోడ రెండో చివర ఉంది. గొట్టం డాబా దాటి, మూతతో, జాలీతో, ఎన్.సి.సి. పిల్లాడిలా నిటారుగా నిలబడింది. పక్కింటి కిటికీకి దూరంగానే ఉంది. మళ్ళీ సాంబ్రాణి వేసి, ఈసారి నేనే లోపల నిలబడ్డాను. ఏ వాసనా రాలేదు. మంట నీలంగా ఉంది, మణిమాల సెల్‌ఫోనులో ఫొటో తీసింది, ఆదివారం అందుతుంది.

వెంటిలేటరు విషయంలో జోగమ్మకూ నాకూ ఒడంబడిక కుదిరింది. పైన బెత్తెడు తెరిచి ఉంటుంది, అది నా మాట. దానికి అడ్డంగా, తల్లీబిడ్డల మీదికి గాలి రాకుండా నా పాత నేతచీర వేలాడుతుంది, అది ఆవిడ మాట. నీలిమ ఈ ఒప్పందాన్ని విని ఎంతసేపు నవ్విందంటే, నొప్పులొస్తాయేమోనని భయపడ్డాను.

నిన్నటి నుంచి అది మళ్ళీ ఆ గదిలోనే స్నానం చేస్తోంది. తలనొప్పి లేదు.

కొండ సంగతి తొందరగా తేల్చు.

అమ్మమ్మ


సొరంగం క్యాంపు
16 డిసెంబరు 2024

అమ్మమ్మగారికి,

నిన్న బజారులో ఫోను చెవికి పెట్టుకోగానే ఏడుపు వినిపించింది. లైను బాగాలేదనుకున్నాను. నీలిమ "అది లైను కాదు, నీ కూతురు" అంది. తరవాత ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. టీ కొట్టు అతను డబ్బు తీసుకోలేదు, లడ్డూ కూడా పెట్టాడు.

కబురు మీకు తెలిసిందే అయినా రాస్తున్నాను, కాగితం మీద రాసిందే లెక్క కాబట్టి. నాకు ఆడపిల్ల పుట్టింది.

ఈ ఉదయం అటువైపు జట్టు డ్రిల్లు మా గోడలోంచి బయటికి వచ్చింది. ఆ రంధ్రంలోంచి అవతలి గాలి మొహానికి తగిలింది. ఇన్నాళ్ళూ పంకాలతో తోసిన గాలి తనంత తాను నడిచి వెళ్ళింది. అందరూ కేకలు పెడుతుంటే నేను అక్కడే నిలబడి సెలవు అడిగాను. మా పెద్దింజినీరు నవ్వి, పటం గీసిన ఆవిడకు నమస్కారాలు చెప్పమన్నారు. బారసాలకు వస్తున్నాను.

యుగంధర్


కోహ్కా, భిలాయి
20 జనవరి 2025

చిరంజీవి యుగంధర్‌కు ఆశీస్సులు.

నువ్వు తిరిగి క్యాంపు చేరినట్టు నీలిమ చెప్పింది. నువ్వున్న వారం రోజుల్లో కోప్పడదామనుకుని ఇంటినిండా చుట్టాలుండి మానేశాను. ఇప్పుడు రాస్తున్నాను.

బారసాలనాడు బియ్యంలో పేరు రాయవలసిన తండ్రి కోసం పురోహితుడు కేకలు వేస్తుంటే, పట్టుపంచె మోకాళ్ళ పైకి కట్టి నువ్వు డాబా మీద గొట్టం మూత ఊపి చూస్తున్నావు. మీ అమ్మగారు సిగ్గుపడ్డారు. నేను పడలేదు. కానీ పట్టుపంచెకు మసి అయింది, రెండుసార్లు ఉతికినా వదల్లేదు. మరోసారి తనిఖీకి వస్తే పాత బట్టలు తెచ్చుకో.

నువ్వు వెళ్ళాక ఇక్కడ జరిగింది విను. జోగమ్మ ఇప్పుడు ఏ ఇంటికి నీళ్ళు పోయడానికి పిలిచినా, గుమ్మంలోనే ఆగి "ముందు గొట్టం సూపించండి, ఆనక గుంటను సూపించండి" అంటోంది. ఆవిడకు అనుమానం వస్తే నాకు కబురు పెడుతుంది. నేను సాంబ్రాణి పట్టుకుని వెళ్తాను. ఉమేష్ రెంచి పట్టుకుని వస్తాడు. మన వీధిలో గీజర్లన్నీ బయటికి వచ్చేశాయి. పక్క వీధిలో నన్ను చూసి ఒకాయన స్నానాల గది కిటికీ గబగబా తెరిచాడు. గీజరు మాత్రం లోపలే ఉంది, నేను ఆయన్ను వదిలిపెట్టలేదు.

నీలిమకు ఒళ్ళు తేరుకుంది. పాపకు శ్రీలక్ష్మి అని పేరు పెట్టినా జోగమ్మ నోట గుంటే. కాళ్ళు చాపి పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంటే మొదటి చెంబుకు ఏడుస్తుంది, రెండోదానికి ఊరుకుంటుంది, మూడోదానికి నిద్రపోతుంది. గది వెచ్చగా ఉంటుంది. నేతచీర పైఅంచు మెల్లగా ఊగుతూ ఉంటుంది. నేను గుమ్మంలో కూర్చుని దాన్నే చూస్తుంటాను.

ముక్కు మాది, నుదురు మీ అమ్మగారిది అని నీ ఎదుట అందరూ పంచుకున్నారు. నీకేమీ మిగల్లేదని నువ్వు చిన్నబుచ్చుకున్నావు, గమనించాను. ఈ వారం చూస్తున్నాను. ఏ గదిలోకి ఎత్తుకెళ్ళినా అది ముందు మనుషుల్ని చూడదు. మెడ తిప్పి కిటికీ ఎక్కడుందో చూస్తుంది.

అమ్మమ్మ